ఎస్టర్ తయారీ పద్ధతిపై పేటెంట్ వివాదం వస్తే: క్లెయిము నుంచి నమూనా సీసా దాకా

కార్బాక్సిలిక్ ఆమ్లాన్నీ ఆల్కహాల్‌నూ కొద్దిపాటి బలమైన ఆమ్లంతో కలిపి వేడిచేస్తే ఎస్టర్ వస్తుందని ఎమిల్ ఫిషర్, ఆర్థర్ స్పైయర్ 1895లోనే ప్రచురించారు. ఆ చర్య మీద ఇవాళ ఎవరికీ హక్కు లేదు. అయినా ఎస్టర్ తయారీ మీద కొత్త పేటెంట్లు వస్తూనే ఉన్నాయి, వాటి మీద గొడవలూ వస్తున్నాయి. కారణం చర్య స్వభావంలోనే ఉంది. అది సగంలో ఆగిపోతుంది, నీటిని పుట్టిస్తుంది, ఆ నీరే ఎస్టర్‌ను వెనక్కి విరగ్గొడుతుంది. నీటిని ఎలా తీయాలి, ఏ ఉత్ప్రేరకం ఎంత వేయాలి, రంగు రాకుండా ఎలా చూడాలి, చివర్లో మిగిలిన ఆల్కహాల్‌ను ఎలా వేరు చేయాలి అన్న చోట్లే కనుగొనడానికి ఇంకా మిగిలి ఉంది. కాబట్టి వివాదం ఎప్పుడూ అంకెల మీద, దశల వరుస మీద, పరికరాల అమరిక మీద నడుస్తుంది. 1984లో ఈస్ట్‌మన్ కోడక్‌కు మిథైల్ ఎసిటేట్ మీద వచ్చిన అమెరికా పేటెంటే చూడండి. చర్య పాతదే. ఒకే స్తంభంలో చర్యా స్వేదనమూ కలిసి జరిగేలా, ఎసిటిక్ ఆమ్లం పైనుంచీ మిథనాల్ కిందినుంచీ ఎదురెదురుగా నడిచేలా చేసిన అమరికకు రక్షణ దొరికింది.

పేటెంట్ చేతిలో పెట్టుకుని ఎదుటివాడి ఉత్పత్తిని అనుమానిస్తున్నవారికీ, నోటీసు అందుకుని జవాబు వెతుక్కుంటున్నవారికీ పని ఒకే వరుసలో సాగాలి. ముందు రసాయన మార్గం, తర్వాత క్లెయిము (పేటెంట్‌లో రక్షణ హద్దులు గీసే వాక్యం), తర్వాత పాత సాహిత్యం (ముందే వచ్చిన పేటెంట్లు, ప్రచురణలు), ఆ తర్వాతే నమూనా విశ్లేషణ. చాలామంది సీసా పట్టుకుని నేరుగా ల్యాబుకు పరిగెడతారు. ఏం వెతకాలో తెలియకుండా చేసిన విశ్లేషణ కోర్టులో ఎందుకూ కొరగాదు.

మార్గం ఏదో ముందు తేల్చండి

ఒకే ఎస్టర్‌కు నాలుగైదు దారులుంటాయి. ఇథైల్ ఎసిటేట్‌నే తీసుకుంటే, ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ కలిపి చేయవచ్చు. రెండు ఎసిటాల్డిహైడ్ అణువుల్ని అల్యూమినియం ఆల్కాక్సైడ్‌తో జోడించే టిష్చెంకో చర్యతో చేయవచ్చు. ఇథనాల్ నుంచి హైడ్రోజన్ తీసేసి చేయవచ్చు. ఎసిటిక్ ఆమ్లాన్ని నేరుగా ఇథిలీన్‌కు చేర్చీ చేయవచ్చు. పేటెంట్ ఒక దారి మీద, ఎదుటి ఫ్యాక్టరీ మరో దారి మీద ఉంటే ఆ వివాదం మొదటి రోజే ముగుస్తుంది.

పేటెంట్ల అంతర్జాతీయ వర్గీకరణ ఈ దారులనే విడివిడి గూళ్లలో పెట్టింది. ఎస్టర్ల తయారీ మొత్తం సి07సి 67 కింద ఉంటుంది. ఆమ్లం, ఆల్కహాల్ చర్య 67/08లో, ట్రాన్స్ఎస్టరిఫికేషన్ (ఒక ఎస్టర్‌ను మరో ఆల్కహాల్‌తో కొత్త ఎస్టర్‌గా మార్చడం) 67/03లో, ఆమ్లాన్ని ద్విబంధానికి చేర్చడం 67/04లో, ఆమ్ల హాలైడ్ల నుంచి చేయడం 67/14లో, కార్బన్ మోనాక్సైడ్‌తో చేసేవి 67/36 నుంచి, ఆల్డిహైడ్ లాంటి వాటిని ఆక్సీకరించి చేసేవి 67/39లో, టిష్చెంకో తరహావి 67/44లో దొరుకుతాయి. శుద్ధి పద్ధతులు 67/48 నుంచి, వాటిలో స్వేదనం 67/54. ఎంజైములతో చేస్తే సి12పి 7/62 కూడా తిరగేయాలి. ఎస్టర్ పేరుతో మాత్రమే వెతికితే సగం పత్రాలు జారిపోతాయి. "ఆల్కైల్ ఆల్కనోయేట్" అని రాసిన 1970ల నాటి పేటెంట్ "ఇథైల్ ఎసిటేట్" అనే వెతుకులాటకు తగలదు. అందుకే గూడు సంఖ్యతో వెతికి, దాన్ని ఉత్ప్రేరకం పేరుతో జల్లెడ పట్టండి.

క్లెయిమును ముక్కలుగా కోయండి

ఉదాహరణకు ఒక క్లెయిము ఇలా ఉందనుకోండి: "ఒక మోల్ ఆమ్లానికి 1.2 నుంచి 2.0 మోళ్ల ఆల్కహాల్ తీసుకుని, సల్ఫోనిక్ అయాన్ వినిమయ రెజిన్ 1 నుంచి 5 శాతం బరువు వేసి, 70 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఏర్పడిన నీటిని అజియోట్రోప్‌గా తీస్తూ, కనీసం 99.5 శాతం శుద్ధత గల ఎస్టర్‌ను పొందే పద్ధతి." (అజియోట్రోప్ అంటే ఒకే నిష్పత్తిలో కలిసి మరిగే, మామూలు స్వేదనంతో విడిపోని మిశ్రమం.) ఇందులో ఐదు అంశాలున్నాయి. ఉల్లంఘన రుజువు కావాలంటే ఐదూ ఎదుటివాడి పద్ధతిలో ఉండాలి. ఒక్కటి లేకపోయినా అక్షరాలా ఉల్లంఘన కాదు. ప్రతి అంశానికీ ఒక వరుస గీసి, పక్కన మూడు గడులు పెట్టండి. పేటెంట్ వివరణలో ఈ మాటకు ఏ అర్థం ఇచ్చారు, దీన్ని ఏ పద్ధతిలో కొలవాలి, ఎదుటి పక్షం దగ్గర దీనికి ఏ ఆధారం ఉంది. రెండో గడి ఖాళీగా మిగిలిన చోటే గొడవ మొదలవుతుంది.

ఆ గడి ఖాళీగా ఉండే చోట్లు దాదాపు ప్రతి ఎస్టర్ పేటెంట్‌లోనూ ఒకటే. రెజిన్ 1 నుంచి 5 శాతం అన్నారు, తడిదా పొడిదా? ఆంబర్లిస్ట్ 15 లాంటి రెజిన్ తడి రూపంలో సుమారు సగం నీరే. పొడి లెక్కన 3 శాతం వేసినవాడు తడి లెక్కన 6 శాతం వేసినట్టవుతుంది, అంటే ఒక లెక్కలో క్లెయిము లోపల, ఇంకో లెక్కలో బయట. ఆ శాతం ఆమ్లం బరువు మీదా, మొత్తం మిశ్రమం మీదా? మోలార్ నిష్పత్తి లోపలికి పంపే దాని లెక్కా, చర్యాపాత్రలో ఆ క్షణాన ఉన్న దాని లెక్కా? నిరంతర ప్లాంటులో ఆల్కహాల్ తిరిగి వస్తూ ఉంటుంది కాబట్టి ఈ రెండు అంకెలూ చాలా దూరంగా ఉండవచ్చు. పంపేది 1.1 అయినా పాత్రలో 3 ఉండొచ్చు. ఉష్ణోగ్రత ద్రవానిదా, జాకెట్‌లోని నూనెదా? 99.5 శాతం శుద్ధత గ్యాస్ క్రొమటోగ్రఫీ వైశాల్యమా, బరువా? జ్వాలా డిటెక్టర్ నీటిని చూడదు. అందువల్ల 1 శాతం నీరున్న ఎస్టర్ కూడా వైశాల్యం లెక్కన 99.8 చూపించగలదు.

కన్వర్షన్ (వేసిన ముడిపదార్థంలో చర్య జరిగిన వంతు), దిగుబడి (వేసినదానిలో ఎస్టర్‌గా వచ్చిన వంతు), సెలెక్టివిటీ (చర్య జరిగినదానిలో ఎస్టర్‌గా మారిన వంతు) అనే మూడింటినీ కలిపేసి రాసిన పేటెంట్లు పాతవాటిలో చాలానే కనిపిస్తాయి. ప్రతి అంకె పక్కనా అది దేనిని దేనితో భాగించగా వచ్చిందో మీ సొంత చేతితో రాసుకోండి. ఉదాహరణల్లోని గ్రాముల నుంచి తిరిగి లెక్కిస్తే రచయిత ఏ నిర్వచనం వాడాడో సాధారణంగా బయటపడుతుంది. కోర్టు ముందు ఈ లెక్కకున్న బరువు నిఘంటువు అర్థానికి ఉండదు.

క్లెయిము ఏ క్రియతో నడుస్తోందో కూడా చూడండి. "కలిగి ఉన్న" అనే అర్థంలో, అంటే ఇంగ్లీషు పేటెంట్లలో కంప్రైజింగ్ అని ఉంటే, ఎదుటివాడు అదనంగా ఒక దశ చేర్చినా తప్పించుకోలేడు. "ఇవి మాత్రమే" అనే అర్థంలో కన్సిస్టింగ్ ఆఫ్ అని ఉంటే అదనపు దశ అతన్ని బయట పడేస్తుంది.

అంచుల మీద అంకెలు

పరిధి అంచు దగ్గర పనిచేసేవాళ్లు రెండు తీర్పులు తెలుసుకుని తీరాలి. స్మిత్ అండ్ నెఫ్యూ, కన్వాటెక్ కేసులో 2015లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1 నుంచి 25 శాతం అనే పరిధిని పూర్ణాంకాలకు సవరించి చదివింది. 0.5 నుంచి 25.5కు లోపు దాకా అంతా పరిధిలోకే వచ్చింది. "మేం 0.8 శాతమే వేశాం" అన్న వాదన అలాంటి చోట నిలవదు. కాబట్టి క్లెయిములో దశాంశ స్థానాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 1 అని రాయడం వేరు, 1.0 అని రాయడం వేరు.

రెండోది అమెరికా సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన వార్నర్ జెంకిన్సన్ తీర్పు. రంగు పదార్థాల శుద్ధి పద్ధతిలో క్లెయిము పీహెచ్ సుమారు 6.0 నుంచి 9.0. ఎదుటివాడు నడిపింది 5.0 వద్ద. తత్సమాన సిద్ధాంతం (క్లెయిము మాటలకు అక్షరాలా సరిపోకపోయినా, దానికి సమానమైన మార్పునూ ఉల్లంఘనగా చూడటం) బతికే ఉందని, అయితే దాన్ని ప్రతి అంశానికీ విడిగా వర్తింపజేయాలని, పేటెంట్ పొందే క్రమంలో ఆ హద్దును ఎందుకు చేర్చారో చూడాలని కోర్టు చెప్పింది. దీని నుంచి వచ్చే పని ఏమిటంటే, పేటెంట్ ఆఫీసుతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల ఫైలు మొత్తం తెప్పించుకుని చదవాలి. ఎస్టర్ పేటెంట్లలో తరచుగా మొదటి దరఖాస్తు "ఆమ్ల ఉత్ప్రేరకం" అని విశాలంగా ఉండి, అభ్యంతరం వచ్చాక "సల్ఫోనిక్ రెజిన్" అని కుదించి ఉంటుంది. అలా వదులుకున్నదాన్ని తత్సమానం పేరుతో మళ్లీ రాబట్టుకోవడం పేటెంటుదారుకు చాలా కష్టం. ప్రతివాదికి ఆ ఒక్క ఉత్తరమే కేసు మొత్తం కావచ్చు.

చెల్లుబాటును లెక్కతో పరీక్షించండి

ఎస్టర్ కేసుల్లో చెల్లుబాటు విషయంలో అన్నిటికన్నా ముందు చేయాల్సింది, అతి తక్కువ మంది చేసేది ఇదే: క్లెయిము చెప్పే ఫలితం మామూలు సమతాస్థితి నుంచి దానంతట అదే వస్తుందేమో లెక్కించడం. ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ చర్యకు సమతాస్థితి స్థిరాంకం సుమారు 4. ఒకటికి ఒకటి మోల్ వేస్తే ఆమ్లంలో మూడింట రెండొంతులు, అంటే 67 శాతం ఎస్టర్ అవుతుంది. ఒకటికి మూడు వేస్తే 90 శాతం. ఒకటికి పది వేస్తే 97 శాతం. నీటిని తీయాల్సిన పని కూడా లేదు. కాబట్టి "మూడు రెట్లు ఆల్కహాల్ వాడి 90 శాతం కన్వర్షన్ సాధించాం" అనేది పాఠ్యపుస్తకం మాటే. అందులో ఆవిష్కరణ మెట్టు, అంటే ఆ రంగం తెలిసినవాడికి సహజంగా తట్టని అడుగు, ఏమీ లేదు. అదే 1.2 రెట్లతో, నీటిని తీయకుండా 95 శాతం వచ్చిందని రాస్తే, ఉదాహరణలో ఏదో చెప్పకుండా వదిలేశారు. అలాంటి పేటెంట్‌ను వివరణ చాలదన్న కారణంపై ప్రశ్నించవచ్చు.

లెక్కను ప్రయోగంతో గట్టి చేసుకోండి. ఎసిటిక్ ఆమ్లం 60.05 గ్రాములు, నిర్జల ఇథనాల్ 138.2 గ్రాములు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సుమారు 1 గ్రాము తీసుకుని, ఆవిరి తప్పించుకోకుండా రిఫ్లక్స్ కింద 70 డిగ్రీల వద్ద ఉంచండి. గంటకోసారి నమూనా తీస్తూ, వరుసగా రెండు కొలతలు 1 శాతం లోపు కలిసేదాకా నడపండి. ఇథనాల్ నిర్జలమా కాదా అన్నది ఇక్కడ ప్రాణం లాంటిది. బరువులో 95.6 శాతం ఉన్న మామూలు స్పిరిట్‌తో అంతే ఇథనాల్ తీసుకుంటే, దానితోపాటు 0.35 మోల్ నీరు ముందే వచ్చి చేరుతుంది. కన్వర్షన్ 90 నుంచి 87కు పడిపోతుంది. క్లెయిములో "కనీసం 90 శాతం" అని ఉంటే, ఏ సీసాలోని ఆల్కహాల్ వాడారన్నదే గెలుపోటములు తేలుస్తుంది. పాత ప్రచురణలోని ఉదాహరణను తిరిగి చేసేటప్పుడు ఆ కాలంలో ఏ గ్రేడ్ వాడారో ఆ గ్రేడే వాడండి. మెరుగైనది వాడితే ఎదుటి నిపుణుడు మొదటి ప్రశ్నలోనే ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టిస్తాడు.

పాత పరిధిలోంచి ఒక ముక్కను ఎంచుకునో, పాత అంకెల్ని మార్చో కొత్త పేటెంట్ తీసుకున్నప్పుడు, ఆ ఎంపికలో అనుకోని ఫలితం ఏదైనా ఉందా అని అడగాలి. అమెరికాలో 1955 నాటి ఆలర్ తీర్పు ఇప్పటికీ చెల్లుతోంది. పాత పద్ధతి 100 డిగ్రీల వద్ద 10 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో నడిస్తే, కొత్త క్లెయిము 40 నుంచి 80 డిగ్రీలు, 25 నుంచి 70 శాతం ఆమ్లం కోరింది. మామూలు ప్రయోగాలతో అనుకూలమైన పరిధిని వెతుక్కోవడం ఆవిష్కరణ కాదని కోర్టు తేల్చింది. యూరప్ పేటెంట్ ఆఫీసులోనైతే ఆ ముక్క ఇరుకుగానూ పాత ఉదాహరణలకు బాగా దూరంగానూ ఉంటేనే కొత్తదనం దక్కుతుంది. ఆపైన ఆవిష్కరణ మెట్టును విడిగా చూపించాలి.

రహస్యంగా వాడిన పద్ధతి సంగతి దేశాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. సెలనీస్ కేసులో 2024 ఆగస్టులో అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఇలా చెప్పింది: పద్ధతి రహస్యమే అయినా, దానితో చేసిన సరుకును దరఖాస్తుకు ఏడాదికి మించి ముందే అమ్మితే, ఆ పద్ధతి మీద తర్వాత పేటెంట్ చెల్లదు. అక్కడి సరుకు ఎసిసల్ఫేమ్ పొటాషియం అనే తీపి పదార్థం. సూత్రం మాత్రం ఎస్టర్‌కూ అదే. యూరప్‌లో అలా కాదు. అమ్మిన సరుకును విశ్లేషించి పద్ధతిని తెలుసుకోగలిగితేనే అది బయటపడినట్టు. డ్రమ్ములోని ఎస్టర్ తను ఏ ఉష్ణోగ్రతలో పుట్టిందో చెప్పదు కాబట్టి అక్కడ ఈ దాడి చాలాసార్లు పనికిరాదు. అమెరికా పేటెంట్‌ను ఎదుర్కొంటుంటే మాత్రం పేటెంటుదారు పాత అమ్మకాల ఇన్వాయిస్‌లు మొదటి వారంలోనే అడగండి.

సీసాలోంచి దారిని చదవడం

శుద్ధమైన ఎస్టర్ అణువు ఏ దారిన వచ్చినా ఒకటే. దారిని చెప్పేవి మలినాలు. ఏ మలినం ఏ దారికి గుర్తో ముందే రాసుకుని వెతకాలి.

ఇథైల్ ఎసిటేట్‌లో 2-బ్యూటనోన్ కనిపిస్తే ఇథనాల్ నుంచి హైడ్రోజన్ తీసే దారిని అనుమానించండి. అది 79.6 డిగ్రీల వద్ద మరుగుతుంది, ఎస్టర్ 77.1 వద్ద. అంత దగ్గరగా ఉండడంతో మామూలు స్వేదనంతో వదలదు. ఆ దారిలో నడిచే ప్లాంట్లు ఇలాంటి కార్బోనిల్ మలినాలను హైడ్రోజన్‌తో మార్చి తీసేస్తాయి కాబట్టి, అది కనిపించకపోతే ఆ దారి కాదని అనుకోవద్దు. ఇథిలీన్ దారిలోనూ కొద్దిగా 2-బ్యూటనోన్ రావచ్చు. దానితోపాటు డైఇథైల్ ఈథర్, సెకండరీ బ్యూటైల్ ఎసిటేట్ ఉన్నాయేమో చూడాలి. ఎసిటాల్డిహైడ్ జాడలు టిష్చెంకో వైపు చూపుతాయి. ఒకే మలినం మీద కేసు కట్టకండి. మూడు నాలుగు కలిసి ఒకే వైపు చూపాలి.

స్వేదనం చేసిన తేలికపాటి ఎస్టర్లలో లోహాల కోసం వెతకడం వృథా. ఉత్ప్రేరకం అడుగున మిగిలిపోతుంది. ప్లాస్టిసైజర్ల లాంటి బరువైన ఎస్టర్లలో పరిస్థితి వేరు. వాటిని సాధారణంగా స్వేదనం చేయరు, తటస్థీకరించి, కడిగి, వడపోస్తారు. టైటానియం ఆల్కాక్సైడ్ వాడితే టైటానియం, డైబ్యూటైల్ టిన్ ఆక్సైడ్ వాడితే తగరం, లోహాల జాడలు కొలిచే ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమెట్రీలో దొరికే అవకాశం బాగా ఉంది. టెట్రాఐసోప్రోపైల్ టైటనేట్ వాడినచోట ఐసోప్రోపైల్ గుంపు చేరిన మిశ్రమ ఎస్టర్ జాడ కూడా ఉండవచ్చు. కడగడంలో పోయే లోహం కన్నా ఇది నమ్మదగిన గుర్తు.

ఔషధ స్థాయి ఎస్టర్లలో గుర్తులు ఇంకా స్పష్టంగా ఉంటాయి. నీటిని లాగేసుకునే కారకం డైసైక్లోహెక్సైల్ కార్బోడైఇమైడ్ వాడితే డైసైక్లోహెక్సైల్ యూరియా, దానితోపాటు ఎన్-ఎసైల్ యూరియా మిగులుతాయి. ట్రైఫినైల్ ఫాస్ఫీన్ సాయంతో ఆమ్లాన్నీ ఆల్కహాల్‌నూ కలిపే మిత్సునోబు చర్య ట్రైఫినైల్ ఫాస్ఫీన్ ఆక్సైడ్‌ను వదులుతుంది. పైగా సెకండరీ ఆల్కహాల్ కార్బన్ దగ్గర విన్యాసం (త్రిమితీయ అమరిక) తలకిందులవుతుంది కాబట్టి, మొదటి ఆల్కహాల్ విన్యాసం తెలిస్తే దారి దాదాపు తేలిపోతుంది. ఆమ్ల క్లోరైడ్ దారిలో క్లోరైడ్ అవశేషాలు, ఆల్కైల్ క్లోరైడ్ కనిపిస్తాయి. మిథైల్ మెథాక్రిలేట్‌లో మిథైల్ ప్రొపియోనేట్ ఉంటే ఇథిలీన్, కార్బన్ మోనాక్సైడ్, మిథనాల్‌తో మొదలయ్యే ఆల్ఫా దారి గుర్తుకు రావాలి. ఎసిటోన్ సయనోహైడ్రిన్ దారికి మిథైల్ 2-హైడ్రాక్సీఐసోబ్యూటిరేట్ గుర్తు.

ఈ గుర్తులకు విలువ రావాలంటే పోల్చడానికి నమూనాలు కావాలి. పేటెంట్ దారిలో ఒక నమూనా తయారుచేస్తే చాలదు. మిగిలిన దారుల్లోనూ ఒక్కోటి చేసి, అదే శుద్ధి ఇచ్చి, సంకేత సంఖ్యలు వేసి, ఏది ఏదో తెలియని విశ్లేషకుడికి ఇవ్వాలి. అతను వాటిని సరిగ్గా విడదీయగలిగాకే అనుమానిత సీసా తెరవాలి. ఇది ఖర్చుతో కూడిన పనే. దీన్ని దాటవేసిన నివేదికను పడగొట్టడం మాత్రం చాలా సులువు.

ల్యాబులో జరిగే పొరపాట్లు

ఎస్టర్ నమూనా ఊరుకోదు. తీసిన తర్వాత కూడా చర్య సాగుతూనే ఉంటుంది. చర్యాపాత్ర నుంచి తీసిన వెంటనే చల్లబరచి, చల్లని సోడియం బైకార్బనేట్ ద్రావణంతో ఉత్ప్రేరక ఆమ్లాన్ని చంపేయాలి. అలా చేయకుండా గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తే, 250 డిగ్రీల ఇంజెక్షన్ పోర్టులో మిగిలిన ఆమ్లమూ ఆల్కహాలూ అక్కడే ఎస్టర్ అవుతాయి. 80 శాతం ఉన్న కన్వర్షన్ 88గా కనిపించి, క్లెయిము హద్దు దాటినట్టు తప్పుడు లెక్క వస్తుంది.

నమూనాను మిథనాల్‌లో పలుచన చేయకండి. ఆమ్లమో క్షారమో జాడగా ఉన్నా మిథైల్ ఎస్టర్ పుట్టి, లేని మలినం ఉన్నట్టు చూపుతుంది. ఎసిటోనైట్రైల్ వాడండి. కార్ల్ ఫిషర్ పద్ధతిలో నీటిని కొలిచేటప్పుడూ ఇదే ఉచ్చు ఉంది. కారకంలోని మిథనాల్‌తో నమూనాలోని ఆమ్లం ఎస్టర్ అవుతూ కొత్త నీటిని పుట్టిస్తుంది, కొలత ఆగకుండా పైకి జరుగుతూ పోతుంది. ఆల్డిహైడ్లు, కీటోన్లు ఉన్నా అంతే. మిథనాల్ లేని కారకాలు ఇందుకే దొరుకుతాయి. మిగిలిన ఆమ్లాన్ని క్షారంతో కొలిచేటప్పుడు చల్లగా, త్వరగా ముగించాలి. ఆలస్యమైతే క్షారం ఎస్టర్‌నే విరగ్గొట్టి ఆమ్లం ఎక్కువున్నట్టు చూపుతుంది. ఫినాఫ్తలీన్ గులాబీ రంగు కొన్ని సెకన్లు నిలిస్తే ఆపేయాలి, రంగు మెల్లగా పోతోందని మళ్లీ మళ్లీ చుక్కలు వేయకూడదు.

నమూనా పట్టే పాత్ర విషయంలో పట్టుదలగా ఉండండి. ఎస్టర్లు మంచి ద్రావణులు. పీవీసీ గొట్టంలోంచి, మామూలు ప్లాస్టిక్ మూతలోంచి థాలేట్లను (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే ఎస్టర్లను) లాగేసుకుంటాయి. గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత, చీకటి, చల్లదనం, పైన నైట్రోజన్. ప్రతి నమూనానూ ఇద్దరు సాక్షుల ముందు మూడు భాగాలు చేసి ముద్ర వేయండి. ఒకటి మీకు, ఒకటి ఎదుటి పక్షానికి, ఒకటి తెరవకుండా కోర్టు కోసం. లాట్ సంఖ్య, కొన్న తేదీ, చేతులు మారిన ప్రతి తేదీ ఒకే కాగితం మీద ఉండాలి. ప్రతి కొలతా మూడుసార్లు చేసి, మూడు అంకెలూ ఇవ్వండి. సగటు ఒక్కటే ఇస్తే ఏదో దాచారనిపిస్తుంది.

రుజువు భారం ఎవరిది

పద్ధతి పేటెంట్‌కు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. తప్పు మూసిన గేటు లోపల జరుగుతుంది. అందుకే ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోహక్కుల ఒప్పందమైన ట్రిప్స్‌లోని 28వ అధికరణం పేటెంట్ పద్ధతితో నేరుగా పొందిన సరుకునూ రక్షణలోకి తెచ్చింది. 34వ అధికరణం కొన్ని సందర్భాల్లో "నేను వేరే పద్ధతి వాడాను" అని రుజువు చేసే భారాన్ని ప్రతివాది మీద పెట్టమంది. ఆ సందర్భాలు రెండు. సరుకు కొత్తది కావడం ఒకటి. పేటెంట్ పద్ధతే వాడి ఉండే అవకాశం గణనీయంగా ఉండి, సహేతుకమైన ప్రయత్నం చేసినా అసలు పద్ధతి తెలియకపోవడం రెండోది. ఏదో ఒకటైనా పెట్టడం సభ్య దేశాల బాధ్యత. భారత చట్టంలో 104ఎ, అమెరికాలో 295వ సెక్షన్ దీనికోసమే ఉన్నాయి. చైనా పేటెంట్ చట్టం మాత్రం సరుకు కొత్తదైతేనే భారం మారుస్తుంది.

ఎస్టర్ విషయంలో దీని అర్థం ఇది. సరుకు దాదాపు ఎప్పుడూ పాతదే కాబట్టి మొదటి తలుపు మూసి ఉంటుంది. చైనాలో చట్టం ప్రకారం భారం మారదు, అయితే 2020 నాటి సుప్రీంకోర్టు సాక్ష్య నియమాల కింద పేటెంట్ పద్ధతే వాడి ఉండే అవకాశమూ సహేతుక ప్రయత్నమూ చూపితే కోర్టు ప్రతివాదినే సాక్ష్యం తెమ్మనవచ్చు. రెండో తలుపు ఉన్న దేశాల్లో దాన్ని తెరవాలంటే, పైన చెప్పిన మలినాల విశ్లేషణ "గణనీయమైన అవకాశం" చూపాలి. "సహేతుక ప్రయత్నం" చూపడానికి ఎదుటి పక్షానికి పద్ధతి వివరాలు అడుగుతూ ఉత్తరాలు రాయండి, జవాబు రాకపోతే గుర్తు చేయండి, అన్నీ దాచండి. రెండు మర్యాదైన ఉత్తరాలు, ఒక విశ్లేషణ నివేదిక ఉంటే చాలాసార్లు ఈ మెట్టు దాటవచ్చు. ఉత్తరం రాయకుండా కోర్టుకెళ్లినవారు ఇక్కడే ఆగిపోతారు.

దిగుమతి సరుకైతే అమెరికాలో 271 సెక్షన్‌లోని జి భాగం వర్తిస్తుంది. విదేశంలో పేటెంట్ పద్ధతితో చేసి తెచ్చినా ఉల్లంఘనే. మినహాయింపులు రెండున్నాయి. తర్వాతి దశల్లో సరుకు గణనీయంగా మారిపోవడం, లేదా మరో ఉత్పత్తిలో అల్పమైన, అనవసరమైన భాగంగా మిగలడం. 1996లో ఎలై లిల్లీ, అమెరికన్ సయనమిడ్ కేసులో మధ్యస్థ పదార్థం నాలుగు దశల తర్వాత సెఫాక్లోర్‌గా మారింది కాబట్టి అది మారిపోయినట్టే అన్నారు. మీ పేటెంట్ ఒక మధ్యస్థ ఎస్టర్ మీద ఉండి, దాన్ని తర్వాత జల విశ్లేషణ చేసి మరో మందుగా మారుస్తుంటే, ఈ వాదన తప్పక వస్తుందని లెక్కేసుకోండి. దశలను వేర్వేరు కంపెనీలు పంచుకుని చేశాయన్న వాదన మాత్రం ఇక్కడ చెల్లదు. అజాక్సీస్ట్రోబిన్ అనే శిలీంద్రనాశిని మీద సింజెంటా, విల్లోవుడ్ కేసులో 2019లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, అన్ని దశలూ ఒకే సంస్థ చేసి ఉండనక్కర్లేదంది. అజాక్సీస్ట్రోబిన్ కూడా ఒక మిథైల్ ఎస్టరే, అయితే అక్కడ పోరాటం ఎస్టర్ బంధం గురించి కాదు, ఈథర్ ఏర్పాటు, దాని తర్వాతి సంధాన దశల గురించి.

నోటీసు అందుకున్నవారు

మొదటి రోజు చేయాల్సింది బ్యాచ్ రికార్డులను స్తంభింపజేయడం. ఉష్ణోగ్రత నమోదులు, ఉత్ప్రేరకం కొనుగోలు బిల్లులు, తిరిగి పంపే ఆల్కహాల్ విశ్లేషణలు, ఆపరేటర్ల చేతిరాత పుస్తకాలు ఏవీ చెరిపేయకూడదు. చెరిపితే అనుమానం మీ మీదికే తిరుగుతుంది. తర్వాత పద్ధతి వివరణ రాయండి: ప్రతి దశలో ఏం ఎంత పోశారు, ఏ ఉష్ణోగ్రతలో ఎంతసేపు, ఏం తీశారు. ఇంగ్లండ్ పేటెంట్ కోర్టులో ఇలాంటి సంతకం చేసిన వివరణ ఇవ్వడం మామూలు పద్ధతి. మిగిలిన చోట్లా అది మీకు ఉపయోగపడుతుంది. రాసింది ప్లాంటులో జరిగేదానికి సరిపోవాలి. ప్రమాణ పత్రంలో 65 డిగ్రీలని ఉండి రికార్డులో 72 కనిపిస్తే, మొత్తం వివరణ మీదే నమ్మకం పోతుంది. రహస్యాలు బయటపడతాయన్న భయం న్యాయమైనదే. ట్రిప్స్ 34వ అధికరణమే ప్రతివాది వ్యాపార రహస్యాల రక్షణను లెక్కలోకి తీసుకోమంది. స్వతంత్ర నిపుణులకు, న్యాయవాదులకు మాత్రమే చూపేలా గోప్యతా ఉత్తర్వు ముందుగా అడిగి, తర్వాతే కాగితాలు ఇవ్వండి.

పేటెంట్ దరఖాస్తుకు ముందునుంచే మీరు ఆ పద్ధతి వాడుతుంటే, జర్మనీ, జపాన్, చైనా, బ్రిటన్ చట్టాలు వాడకం కొనసాగించుకునే హక్కు ఇస్తాయి. అమెరికాలో కనీసం ఏడాది ముందు నుంచి అక్కడే వాణిజ్యపరంగా వాడి ఉండాలి, రుజువు చాలా బలంగా ఉండాలి. ఈ హక్కు దేశం దాటదు.

గడువులు దాటితే తిరిగి రావు. యూరప్‌లో మంజూరు ప్రకటన నుంచి 9 నెలల్లో అభ్యంతరం వేయాలి. జపాన్‌లో 6 నెలలు. భారత్‌లో దరఖాస్తు ప్రచురితమయ్యాక మంజూరుకు ముందు ఎప్పుడైనా, తర్వాతైతే మంజూరు ప్రచురణ నుంచి ఏడాదిలోపు. అమెరికాలో మంజూరైన 9 నెలల దాకా అన్ని కారణాలపైనా, ఆ తర్వాత పాత పేటెంట్లు, ముద్రిత ప్రచురణల ఆధారంగా మాత్రమే పునఃపరిశీలన అడగవచ్చు. మీ మీద దావా అందిన రోజు నుంచి ఏడాది దాటితే ఆ రెండో తలుపూ మూసుకుంటుంది.

పద్ధతి మార్చుకుని బయటపడాలనుకుంటే అంచును తప్పించే మార్పు కన్నా మార్గాన్నే మార్చే మార్పు భద్రం. 90 డిగ్రీల హద్దుకు 92లో నడపడం తత్సమాన వాదనను పిలిచి తెచ్చుకోవడమే. సల్ఫోనిక్ రెజిన్ బదులు మరో సల్ఫోనిక్ రెజిన్ పెట్టడమూ అంతే. అజియోట్రోప్‌గా నీటిని తీసే చోట పొరతో నీటిని వేరుచేసే పెర్వాపొరేషన్‌కు మారితే అజియోట్రోప్ ఉండదు, ఆమ్లం బదులు మిథైల్ ఎస్టర్‌తో మొదలుపెట్టి ట్రాన్స్ఎస్టరిఫికేషన్ చేస్తే నీరే పుట్టదు, కాబట్టి ఎలా మారినా ఆ అంశం మీ పద్ధతిలో ఉండనే ఉండదు. మార్చిన రోజు, మొదటి బ్యాచ్ సంఖ్య, పాత సరుకు చివరి డ్రమ్ము ఎప్పుడు బయటికెళ్లిందో రాసిపెట్టండి. నష్టపరిహారం లెక్కించేటప్పుడు ఏ డ్రమ్ము గీతకు ఏ వైపు ఉందో అడుగుతారు. కొత్త దారి మీద కూడా వేరొకరి పేటెంట్ ఉందేమో 67/03 గూడులో చూశాకే పైపులు మార్చండి.